మెల్‌బోర్న్‌లో కొత్త లెక్చరర్: లీడర్‌షిప్ సర్వే, ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు. సలహా కావాలి

కొత్త సభ్యుడు:
నమస్కారమండీ. వచ్చే నెల మెల్‌బోర్న్‌లో మేనేజ్‌మెంట్ లెక్చరర్‌గా చేరుతున్నాను. హైదరాబాద్ ఐటీ టీముల్లో మేనేజర్ల నాయకత్వం మీద సర్వే చేద్దామని ఉంది. చేరగానే ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులకు అసోసియేట్ సూపర్‌వైజర్‌గా (రెండో గైడ్‌గా) వేస్తారట. ముందు ఏం చూసుకోవాలి?

బ్రిస్బేన్ సభ్యురాలు:
ముందు ఎథిక్స్ అప్లికేషన్ (మనుషుల మీద పరిశోధనకి యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం) పెట్టండి. డేటా హైదరాబాద్‌దైనా ఇక్కడి యూనివర్సిటీ అనుమతి ఉండాల్సిందే. అనుమతికి ముందు సర్వే చేసేసి, తర్వాత సంతకం పెట్టమంటే కుదరదు. కమిటీ మొదట అడిగేది లింకు ఎవరు పంపుతారని. హెచ్‌ఆర్ పంపిందంటే జవాబులూ హెచ్‌ఆరే చదువుతుందనుకుంటారు, మేనేజర్‌కి ఐదుకి ఐదూ వేసేస్తారు. పరిచయం మెయిల్ కంపెనీ పంపితే పంపనివ్వండి. జవాబులు మాత్రం యూనివర్సిటీ సర్వర్‌కే రావాలి, ఎవరు నింపారో కూడా హెచ్‌ఆర్‌కి తెలియకూడదు. ఆ సంగతి మెయిల్ మొదట్లోనే రాయండి.

పేర్లు అడక్కండి. టీముకో కోడ్ చాలు, మేనేజర్ ఫారానికీ అదే కోడ్. నాయకత్వం గురించి ఉద్యోగిని, పనితీరు గురించి మేనేజర్ని అడగండి, మధ్యలో నాలుగు వారాలైనా ఎడం పెట్టండి. రెండూ ఒకే మనిషిని ఒకే రోజు అడిగితే కామన్ మెథడ్ బయాస్ (రెండు కొలతలూ ఒకే చోటి నుంచి రావడంతో లేని సంబంధం ఉన్నట్టు కనిపించడం) అని జర్నల్ రివ్యూయర్ తిప్పి పంపుతాడు. టీముకి కనీసం ముగ్గురు జవాబివ్వకపోతే ఆ టీము లెక్కకి రాదు, కాబట్టి 60 టీములు మిగలాలంటే 100 టీముల్ని అడగాల్సి వస్తుందనుకోండి. ఎంఎల్‌క్యూ 5ఎక్స్ అనే నాయకత్వ ప్రశ్నావళిలో 45 ప్రశ్నలు, లైసెన్సు కొనాలి. సర్వే పొడవైపోతుందనుకుంటే మేనేజర్‌కీ ఉద్యోగికీ మధ్య సంబంధాన్ని కొలిచే 7 ప్రశ్నల ఎల్‌ఎంఎక్స్-7 చూడండి.

హైదరాబాద్ సభ్యుడు:
ఒక మాట కలుపుతానండీ. ఇక్కడ "మీ మేనేజర్" అని ఊరికే అడిగితే కొంప మునుగుతుంది. కాగితం మీద రిపోర్టింగ్ మేనేజర్ బెంగళూరులో ఉంటాడు, రోజూ పని చెప్పేది పక్క సీటు లీడ్. ఒకే టీములో ఇద్దరు ఒకరిని, ముగ్గురు ఇంకొకరిని తలుచుకుని నింపుతారు. ఆ టీము జవాబుల సగటుకి అర్థం లేదు, ఆర్‌డబ్ల్యూజీ (టీములో జవాబులు ఎంత కలుస్తున్నాయో చెప్పే కొలత) పడిపోతుంది. "రోజువారీ పని అప్పజెప్పే వ్యక్తి" అని ప్రశ్నలోనే రాయండి. ఆయన కింద ఎన్నాళ్ల నుంచీ అని కూడా అడిగి, మూడు నెలలు నిండనివాళ్లని పక్కన పెట్టండి.

బ్రిస్బేన్ సభ్యురాలు:
అది నిజం.

సిడ్నీ సభ్యుడు:
విద్యార్థుల సంగతి. కన్ఫర్మేషన్ (పీహెచ్‌డీ కొనసాగించొచ్చా అని తేల్చే సమీక్ష) మామూలుగా ఏడాదికి వస్తుంది, తేదీ పట్టుకుని వెనక్కి లెక్కేయండి. రెండు వారాలకో మీటింగు, మర్నాటికల్లా విద్యార్థి నుంచి అరపేజీ నోట్: ఏం తేలింది, ఎవరేం చేయాలి. మనవాళ్లయితే ఇది మరీ ముఖ్యం. "అలాగే సార్" అనేసి వెళ్తారు, అర్థమైందో లేదో నోట్‌లోనే బయటపడుతుంది. ప్రిన్సిపల్ సూపర్‌వైజర్‌తో ముందే తేల్చుకోండి: డ్రాఫ్టు ఎవరు ముందు చదవాలి, ఎన్ని రోజుల్లో. లేకపోతే ఇద్దరూ ఒకే అధ్యాయానికి చెరో దిక్కు కామెంట్లు రాస్తారు, నలిగేది పిల్లాడు.

సర్వే పనికి విద్యార్థుల్ని ఆర్‌ఏగా (రీసెర్చ్ అసిస్టెంట్‌గా) తీసుకుంటే వీసా చూడండి. స్టూడెంట్ వీసా మీద కోర్స్‌వర్క్ మాస్టర్స్ వాళ్లకి తరగతులు నడిచే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలే, బయటి ఉద్యోగాలతో కలిపి. కోర్సు మొదలైన పీహెచ్‌డీ వాళ్లకి ఆ పరిమితి లేదు.