డల్లాస్‌లో వడగళ్లు, డెన్వర్‌లో మంచు: కారులో వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. శుక్రవారం పొద్దున్నే డల్లాస్ నుంచి అమరిల్లో, రాటన్ పాస్ అనే కొండదారి మీదుగా డెన్వర్‌కి కారులో బయల్దేరాలి. ఏప్రిల్ కదా, చలి పోయిందనుకున్నాను. తీరా ఫోన్‌లో చూస్తే ఇక్కడ 29 డిగ్రీలు, సాయంత్రానికి ఉరుములు, వడగళ్లు. అక్కడ శనివారం మంచు! గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమగాలీ, రాకీ పర్వతాల నుంచి దిగే పొడిగాలీ ఢీకొనే కాలమిదని తెలుసు. వడగళ్లు పడితే ఏదో పెట్రోల్ బంకు కింద ఆగుతాం. నా టెన్షన్ అంతా రాటన్ గురించే. 7,800 అడుగుల ఎత్తు, నా కారుకి మామూలు టైర్లే. పైగా వెనక సీట్లో అమ్మ, ఒళ్లో తమ్ముడి కోసం తెచ్చిన ఆవకాయ సీసా (డిక్కీలో పెట్టనివ్వదు).

ఏప్రిల్‌లో ఆ దారిన వెళ్లినవాళ్లు చెప్పండి. గురువారం రాత్రే బయల్దేరడం మేలా, ఆదివారం దాకా ఆగాలా? మూడు రోజుల ముందు చెప్పే అంచనాని కొండల మీద ఎంతవరకు నమ్మొచ్చు?