‘సన్నాయి నొక్కులు’లో నొక్కు ఎక్కడుంది?

నిన్నటి చర్చలో ఒకరు అడిగిన ప్రశ్న రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. "పెళ్లిపందిట్లో అంత మంగళకరంగా వినిపించే సన్నాయికి, ఎత్తిపొడుపు మాటలకి ఏం సంబంధం? సన్నాయి నొక్కులు అని ఎందుకంటారు?" అని. కింద జవాబు రాసినవాళ్లలో చాలామంది "వెటకారం అని అర్థం, అంతే" అని తేల్చేశారు. నాకది మింగుడు పడలేదు. మాది కోనసీమ. వెటకారం మా ఊళ్లో పొద్దున కాఫీతోపాటే మొదలవుతుంది. కానీ వెటకారం వేరు, దెప్పడం వేరు, సన్నాయి నొక్కులు వేరు.

ముందు ఒక పెళ్లి సంగతి చెప్పాలి. మా పిన్ని పెళ్లి ముక్తేశ్వరం దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో జరిగింది. అప్పటికి నాకు పన్నెండేళ్లు. తెల్లవారకముందే మేళం వాళ్లు వచ్చి అరుగు మీద చాప పరుచుకున్నారు. సన్నాయి పెద్దాయన వాయిద్యం పై కొసన దారానికి వేలాడుతున్న పీకల్లోంచి, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్కల్లోంచి, ఒకటి ఎంచి, పెదాల మధ్య పెట్టుకుని తడుపుతున్నాడు. ఓసారి ఊది చూడటం, తల అడ్డంగా ఊపటం, మళ్లీ తడపటం. డోలాయన కుడిచేతి వేళ్లకి తొడుగులు ఎక్కించుకుంటున్నాడు. నేను వాళ్ల ముందు గొంతుక్కూర్చుని చూస్తున్నాను.

అదే సమయంలో పక్కనే విడిదింట్లో కాఫీలు అందుతున్నాయి. పెళ్లికొడుకు తల్లి ఒక గుక్క తాగి, అమ్మమ్మతో ఎంతో ఆప్యాయంగా అంది: "మీ గోదారి నీళ్లు ఎంత తియ్యనండీ వదినగారూ! కాఫీలో కూడా ఆ రుచే తెలుస్తోంది."

అమ్మమ్మ నవ్వుతూనే బయటికొచ్చి, వంటింటి గడప దాటగానే, "మేళం వాళ్లు ఇంకా పీక తడుపుతూనే ఉన్నారు, వియ్యపురాలు అప్పుడే సన్నాయి నొక్కులు మొదలెట్టేసిందర్రా" అంది.

ఆ మాటని విడదీసి చూడండి. గోదారి నీళ్లు తియ్యన అనడం పొగడ్తే. కాఫీలో రుచి తెలుస్తోంది అనడమూ పొగడ్తే. ఏ పదాన్ని పట్టుకుని "ఇదేం మాటండీ" అని నిలదీస్తారు? కాఫీ పల్చగా ఉందన్న సంగతి పదాల్లో లేదు. "కూడా" దగ్గర గొంతు కాస్త సాగి, ఆగి, కిందికి దిగిన చోట ఉంది. దెప్పేవాళ్లు "పోయినసారి కూడా ఇలాగే నీళ్ల కాఫీ పోశారు" అంటారు, అందులో దాపరికం ఉండదు. వెటకారంలో మాట అంతా తలకిందులుగా ఉంటుంది, విన్న అందరికీ తెలిసిపోతుంది. సన్నాయి నొక్కుల్లో మాట నిక్షేపంలా ఉంటుంది. బరువంతా స్వరం మీదే.

ఇప్పుడు సంగీతంలోకి వద్దాం. నొక్కు అనేది కర్ణాటక సంగీతంలో ఒక గమకం పేరు. గమకం అంటే స్వరాన్ని కదిలించి, మలిచి పలికించే తీరు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగులో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాల పట్టిక ఉంటుంది. కంపితం, స్ఫురితం లాంటి సంస్కృతం పేర్ల పక్కనే నొక్కు, జారు, ఖండింపు లాంటి ఇంటి మాటలూ కనిపిస్తాయి. ఆ పక్కపక్కన ఉండటం నాకు చాలా ఇష్టం. శాస్త్రం రాసేవాళ్లు కూడా వాయించేవాళ్ల నోటిమాటని అలాగే తీసుకున్నారు. నాకు అర్థమైనంతలో నొక్కు అంటే స్వరాన్ని ఉన్నది ఉన్నట్టు పలికించి వదిలెయ్యకుండా, దాని మీద కాస్త ఒత్తిడి పెట్టి, పక్క స్వరం ఛాయ తగిలించి వెనక్కి తేవడం.

దీనికి ఒక మిత్రుడు మంచి అభ్యంతరం చెప్పారు. "నొక్కడానికి వీణ మీద తీగ ఉంది, మెట్టు ఉంది. ఊదే వాయిద్యం మీద ఏం నొక్కుతారు? వీణ నొక్కులు అని ఉండాల్సింది" అని. వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు పుట్టిన ద్రాక్షారామం మాకు ఎంతో దూరం కాదు, మరో వైణికులు చిట్టిబాబు గారు పుట్టిన కాకినాడా అంతే. వీణ ఎంత మాట్లాడగలదో మా వైపు వాళ్లకి కొత్త కాదు. కానీ సన్నాయిలో నొక్కు పెదవి దగ్గర ఉంటుంది. అదే పీక, అదే రంధ్రం, వేలు కదలకపోయినా పెదవి బిగించి ఊపిరి మార్చితే స్వరం పైకీ కిందికీ జరుగుతుంది. వేలు రంధ్రం మీంచి పూర్తిగా తీయకుండా సగం ఎత్తినా జరుగుతుంది. పిన్ని పెళ్లిలో ఆ సన్నాయి పెద్దాయన బుగ్గలకేసి చూసిన నాకు పాట ఎక్కడ మలుపు తిరిగిందో వేళ్లని బట్టి తెలియలేదు, కింది పెదవి వణుకుని బట్టి తెలిసింది. మాటా అంతే కదా, అదీ పెదవి పనే.

ఇంకో సంగతి. సన్నాయి నాలుగు గోడల మధ్య మెల్లగా వాయించుకునే వాయిద్యం కాదు. గుడి ఊరేగింపుకి, పెళ్లికి, ఆరుబయట వినపడటానికి పుట్టింది. కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోటలో పదకొండు రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే అలంకరించిన వెదురు చట్రాలు, కలిసే ప్రభల తీర్థం చూసినవాళ్లకి తెలుస్తుంది, అంత జనసందోహంలోనూ సన్నాయి గొంతు వరిచేలు దాటి వినపడుతుంది. అంత గట్టి వాయిద్యంలో అంత సన్నటి నొక్కు! ఊరంతా పాట వింటుంది, నొక్కు మాత్రం చెవి ఉన్నవాళ్లకే అందుతుంది. వియ్యపురాలి మాటా విడిదింట్లో ఇరవైమంది విన్నారు. తగిలింది అమ్మమ్మకి ఒక్కదానికే. పోలిక ఇంత చక్కగా అతికింది కాబట్టే వీణ కాకుండా సన్నాయి ఈ నుడికారంలోకి వచ్చిందని నా నమ్మకం.

"సన్నగా నొక్కుతారు కాబట్టి సన్నాయి" అని ఒకరు రాశారు. అది సరికాదండీ. సన్నాయి, హిందుస్తానీ వాళ్ల శహనాయి ఒక కుదురువే. పారసీలో నాయ్ అంటే వేణువు, గొట్టం. మా వైపు నాదస్వరాన్ని కూడా సన్నాయి అనే అంటాం, అందుకే ఇక్కడ రెండింటినీ విడదీయడం లేదు.

తెలుగులో వాయిద్యాలు చాలానే మాట తీరుకి పేర్లిచ్చాయి. సొంత డప్పు కొట్టుకుంటాం, ఒకరి తరఫున బాకా ఊదుతాం. అవన్నీ ఎదుటివాళ్లకి ఇట్టే తెలిసిపోయే పనులు. సన్నాయి ఒక్కటే పనితనం చూపించి పేరు సంపాదించింది.

ఈమధ్య పత్రికల్లో "ప్రభుత్వం సన్నాయి నొక్కులు నొక్కుతోంది" అని రాస్తున్నారు. అటూ ఇటూ కాకుండా నసుగుతోంది అనే అర్థంలో. సూటిగా అనకపోవడం అనే పోలిక ఉంది కాబట్టి తప్పని కొట్టిపారేయలేను. కానీ నసిగేవాడికి ఏం చెప్పాలో తెలియదు, నొక్కేవాడికి బాగా తెలుసు. ఈ తేడా పోతే నాకు బాధగా ఉంటుంది. పోయినేడు మా బంధువుల పెళ్లి ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. స్టేజీకి అటూ ఇటూ డీజే బాక్సులు. మూలన కూర్చున్న సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నాడు, ఒక్క స్వరం మా వరకూ రాలేదు. తాళి కట్టేటప్పుడు మాత్రం రెండు నిమిషాలు బాక్సులు ఆపారు. నా పక్కన కూర్చున్న మేనకోడలు "ఇది లైవ్‌లో వాయిస్తున్నారా అత్తా?" అని అడిగింది. ఇక ఆ పిల్లకి సన్నాయి నొక్కులు అంటే ఏమని చెప్పాలి? మర్నాడు ఫోన్‌లో ఒక నాదస్వర కచేరీ పెట్టి, నొక్కు వచ్చిన చోటల్లా భుజం తట్టాను. నాలుగోసారికి తట్టకముందే తనే తలూపింది.

వాడుక గురించి ఒక్క మాట. ఎప్పుడూ బహువచనమే, క్రియ కూడా నొక్కడమే. "సన్నాయి నొక్కులు నొక్కకు" అంటాం. "సన్నాయి నొక్కులు చేస్తోంది" అని టీవీ సీరియళ్లలో విన్నప్పుడు చెవికి గుచ్చుకుంటుంది.

చేర్పు: అమ్మమ్మ ఊరుకుందా అని ముగ్గురు అడిగారు. ఊరుకోలేదు. రెండో విడత కాఫీ తనే స్వయంగా పట్టుకెళ్లింది. "ఇది ఒట్టి పాలతో కాచాం వదినగారూ, చుక్క నీళ్లు తాకనివ్వలేదు. అలవాటు లేనివాళ్లకి కాస్త బరువు చేస్తుంది, నెమ్మదిగా తాగండి" అంది. "అలవాటు" దగ్గర కాస్త నొక్కి.