పికప్ వెనుక టైర్లు అంచుల్లోనే ఎందుకు అరుగుతున్నాయి?

చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరుకు సరుకు పికప్ నడుపుతున్నాను. తోతాపురి కాయల కాలంలో బండికి ఊపిరాడదు. కంపెనీ టైర్లు బాగానే మన్నాయి. వాటి స్థానంలో వేయించినవి మాత్రం ఏడాది తిరగకముందే బోడి అవుతున్నాయి. వెనుక టైర్ల రెండు అంచులూ నున్నగా అయ్యాయి, అక్కడ గాడి అడుగున, టైరు మార్చాలని చెప్పే 1.6 మి.మీ. గుర్తు దిమ్మె బయటపడింది. నడుమ గాళ్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. చక్రాల అలైన్‌మెంట్ తప్పితే ఒకవైపే అరగాలి కదా! గాలి చాలడం లేదేమో అని నా అనుమానం. ఖాళీ బండికి పట్టే గాలే నిండు బండికీ చాలంటాడు పంక్చరు షాపాయన. నాకు నమ్మకం కుదరడం లేదు.

ఘాట్‌లో బరువుతో తిరిగే అన్నలూ, గాలి ఎంత పెడుతున్నారు? టైరు చల్లగా ఉన్నప్పుడే చూస్తున్నారా? ఈసారి ప్లై రేటింగు (బరువు మోసే సత్తా) ఎక్కువున్న, ఉక్కు తీగల రేడియల్ టైరు తీసుకోవాలా, నైలాన్ దారాల పాత రకం టైరే మేలా? అరిగిన టైరుకు కొత్త రబ్బరు వేయించే రీట్రెడింగ్ మాట మాత్రం ఎత్తకండి.