ఎవరూ వాడకపోయినా ఫ్లష్ ట్యాంక్ నిండుతోంది, కింద నేల తడి. ఎక్కడ చూడాలి?

వానచినుకు:
రాత్రిపూట ట్యాంక్‌లోంచి సన్నగా 'స్‌స్‌' అని చప్పుడు వస్తోంది. ఎవరూ ఫ్లష్ చేయకపోయినా ఉండుండి నీళ్లు నిండుతున్నాయి. కమోడ్ చుట్టూ నేల కూడా తడిగా ఉంటోంది. ఈ రెండూ ఒకటే సమస్యా? ప్లంబర్‌ని పిలిచేలోపు మేం చూసుకోగలిగేది ఏమైనా ఉందా?

పాతగోడ:
రెండూ వేర్వేరు కావచ్చండి. ముందు ట్యాంక్ చూడండి. మూత తీసి నీళ్లలో కాస్త ఫుడ్ కలర్ వేయండి. అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు. రంగు కమోడ్‌లోకి దిగిందంటే ట్యాంక్ అడుగున ఉండే రబ్బరు వాషర్ సరిగ్గా మూసుకోవట్లేదు.

సందెవెలుగు:
రంగు వేసేముందు ట్యాంక్ మధ్యలో నిలువుగా ఉండే ఓవర్‌ఫ్లో పైపు చూడండి. నీళ్లు దాని అంచు దాటి పొర్లుతున్నా రంగు కమోడ్‌లోకే వస్తుంది, అప్పుడు వాషర్ మార్చినా లాభం లేదు. నీటి మట్టం ఆ అంచుకి సుమారు ఒక అంగుళం కిందే ఆగాలి. ఫ్లోట్‌ని (నీళ్లతో పాటు తేలుతూ పైకి లేచే భాగం) చేత్తో పైకెత్తండి. నీళ్లు ఆగితే ఫ్లోట్ ఎత్తు తగ్గిస్తే చాలు. ఆగకపోతే నీళ్లొచ్చే వాల్వ్‌లోనే లోపం.

వానచినుకు:
పైపులోకి పొర్లట్లేదండి. రంగు మాత్రం దిగింది.

పాతగోడ:
అయితే వాషరే. యాంగిల్ కాక్ (గోడ దగ్గర ట్యాంక్‌కి నీళ్లు వదిలే చిన్న కుళాయి) కట్టేసి, ఫ్లష్ చేసి ట్యాంక్ ఖాళీ చేయండి. వాషర్ తీసి వేలితో రుద్దండి. నల్లగా అంటుకున్నా, అంచు వంకర తిరిగినా దాని పని అయిపోయినట్టే. అది కూర్చునే చోట ఉప్పునీళ్ల వల్ల తెల్లటి పొర గట్టిపడి ఉంటుంది. దాన్ని శుభ్రంగా గీకకపోతే కొత్త వాషర్ పెట్టినా కారుతుంది. ట్యాంక్‌లో క్లోరిన్ బిళ్లలు వేస్తుంటే మానేయండి, రబ్బరు త్వరగా పాడవుతుంది. సైజులు చాలా ఉంటాయి కాబట్టి కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి.

మట్టికుండ:
నేల తడి గురించి నేను చెప్తాను. అంతా పొడిగా తుడిచి, యాంగిల్ కాక్ నట్టు దగ్గర, కనెక్షన్ పైపు కింద, ట్యాంక్ బోల్టుల కింద, కమోడ్ నేలకి ఆనే చోట తలో టిష్యూ పెట్టండి. ఏది ముందు తడిస్తే అక్కడే లీకు. ట్యాంక్ బయటంతా చెమట పట్టినట్టు ఉంటే మాత్రం అది లీకు కాదు, గాలిలోని తేమే.

ఫ్లష్ చేసినప్పుడే కమోడ్ నేలకి ఆనే చోటు నుంచి నీళ్లొస్తుంటే కమోడ్ కింది సీల్ పోయి ఉండొచ్చు. దయచేసి చుట్టూ వైట్ సిమెంట్ పూసి వదిలేయకండి. మురుగునీరు లోపలే నిలిచి స్లాబ్‌లోకి దిగుతుంది. కమోడ్ ఎత్తి సీల్ మార్చాల్సిందే, అది ప్లంబర్ పని.

వానచినుకు:
యాంగిల్ కాక్ దగ్గర టిష్యూ తడిసిందండి! నట్టు బిగించేయనా?

సందెవెలుగు:
కొద్దిగా బిగించి చూడండి. ఆగకపోతే నీళ్లు కట్టేసి, నట్టు విప్పి లోపలి రబ్బరు వాషర్ మార్చండి. కారేది కాక్ గోడలోకి వెళ్లే చోట అయితే టెఫ్లాన్ టేప్ (మరలకి చుట్టే సన్నటి టేప్) కొత్తగా చుట్టాలి, దానికి మెయిన్ వాల్వ్ కట్టేయాలి. ట్యాంక్ బోల్టులను మాత్రం బలంగా తిప్పకండి, పింగాణీ పగిలిపోతుంది.