రెండు రోజుల నగర యాత్రలో శాకాహారి ముందే టేబుల్ బుక్ చేసుకోవాలా, వెళ్లిన చోట అడిగి తినాలా?

బాటసారి:
శుక్రవారం రాత్రి దిగి ఆదివారం సాయంత్రం తిరుగు రైలెక్కే యాత్రలో, బస చేసిన హోటల్లోనే ముగిసే రెండు ఉదయపు ఫలహారాలను పక్కన పెడితే, మిగిలేవి నాలుగే పూటలు. మేమిద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినము. ఆ నాలుగు పూటలకూ పూర్తి శాకాహార రెస్టారెంట్లను బయలుదేరక ముందే వెతికి, టేబుల్ బుక్ చేసి, చూడవలసిన చోట్లను వాటి చుట్టూ అమర్చుకోవాలని నేనంటాను. ఊరు చూడటానికి వెళ్తున్నామో, భోజనాల వేళలు పాటించడానికి వెళ్తున్నామో తేల్చుకోమని నా భార్య అంటుంది. కిందటిసారి నా మాటే నెగ్గింది. మ్యూజియాన్ని సగంలో వదిలి, ట్రామ్‌లో ఊరి ఆ చివరకు వెళ్లి, 2 గంటలకు బుక్ చేసుకున్న టేబుల్‌కు 2:40కి చేరితే, మధ్యాహ్నపు వంట 2:30కే ముగిసిందని, మళ్లీ పొయ్యి వెలిగేది 6 గంటలకేనని చెప్పారు. ఎదురుగా ఉన్న మెట్ల మీద కూర్చుని అరటిపళ్లు తిన్నాము. అనుభవమున్నవారు ఏమంటారు?

నిదానం:
తప్పు ఆలస్యానిదే గాని పద్ధతిది కాదు. రెండు రోజుల్లో ఒక్క పూట చెడినా నాలుగో వంతు పోయినట్టే కాబట్టి, తక్కువ రోజుల యాత్రకే ముందస్తు ఏర్పాటు ఎక్కువ అవసరమని నా వాదన. అడిగి తినడంలో చిక్కు ఎక్కడుందంటే, వెయిటర్ అబద్ధం చెప్పడు, కానీ అతని దృష్టిలో శాకాహారమంటే పళ్లెంలో మాంసం ముక్క కనబడకపోవడమే. కూరగాయల సూప్‌కు కోడి ఎముకలు మరిగించిన నీళ్లు వాడవచ్చు. జపాన్‌లో మాంసమే లేని వంటకానికి కూడా ఎండబెట్టిన బొనీటో చేపతో తీసిన దాషి అనే రసం ఆధారమై ఉండవచ్చు. పార్మిజానో రెజ్జానో అన్న పేరు పెట్టుకునే చీజ్‌కు పాలను గడ్డకట్టించడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ అనే పదార్థం వాడటం తప్పనిసరి, మరి అదే చీజ్‌ను మెనూలో ఆకు గుర్తు ఉన్న పాస్తా మీద తురుముతారు. చట్టం కాపాడుతుందా అంటే, యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన ఆహార సమాచార నిబంధన ప్రకారం 14 అలర్జీ కారకాలను వినియోగదారుకు తెలియజేయాలి. వాటిలో పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి ఉన్నాయి గాని మాంసం లేదు, శాకాహారమన్న మాటకు ఆ నిబంధనలో నిర్వచనమూ లేదు. గుడ్డు తినని మీకు ఆ జాబితా కొంత మేలు చేస్తుంది, కోడి రసం విషయంలో మాత్రం చేయదు.

ఆకురాయి:
నిదానం గారు చెప్పిన వాస్తవాలను కాదనను, వాటి నుంచి తీసిన తీర్మానాన్ని ఒప్పుకోను. ‘ఇది శాకాహారమేనా?’ అని అడిగితే ‘అవును’ అనడం సులువు. ‘ఇందులో మాంసపు రసం, చేప సాస్, జంతువుల కొవ్వు పడతాయా?’ అని ఒక్కొక్కటీ పేరు పెట్టి, వీలైతే ఆ ఊరి భాషలో రాసిన కాగితం చూపించి అడిగితే, వెయిటర్ లోపలికి వెళ్లి వంటవారిని కనుక్కుని వస్తాడు. పైగా నేను తిన్న శాకాహార రెస్టారెంట్లు చాలావరకు ఏ ఊళ్లోనైనా అదే బర్గర్, అదే గిన్నెడు సలాడ్ పెట్టినవే. ఆ ఊరివాళ్లు తమ ఇంటి ఆచారంగా మాంసం మానుకుని వండుకునే వంటలు వేరే ఉంటాయి. ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు లేకుండా తింటారు, గ్రీసులో ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస దినాలకు ప్రత్యేకమైన వంటలున్నాయి. అటువంటివి వదిలి బర్గర్ తింటే ఊరు చూసినట్టా?

నిదానం:
గ్రీసు ఉపవాస వంటలో రొయ్యలకూ ఆక్టోపస్‌కూ నిషేధం లేదు. నా భయం సరిగ్గా ఇటువంటి మాటల గురించే. ఇక శాకాహార రెస్టారెంట్లన్నీ ఒకే అచ్చు అనడం తొందరపాటు; జూరిచ్‌లో 1898లో మొదలైన హిల్ట్ల్ ఇప్పటికీ నడుస్తోంది, దాన్ని ఆ ఊరికి పరాయిదని ఎలా అంటాము?

ఉప్పుకల్లు:
ఏ మాంసాహార రెస్టారెంట్ వంటగదిలోనైతే మూడేళ్లు పనిచేశానో, అక్కడి సంగతి చెబుతాను. మాంసపు రసం ఉదయమే పెద్ద కుండలో మరుగుతుంది, మధ్యాహ్నానికల్లా సూప్‌లోకీ సాస్‌లలోకీ చేరిపోతుంది. రాత్రి 8 గంటలకు, పన్నెండు ఆర్డర్లు వరుసలో ఉండగా మీరు అడిగితే, మా చేతిలో మార్చగలిగేది ఏమీ ఉండదు. మాంసం ముక్క తీసేసి పళ్లెం పంపుతాము, అది శాకాహార వంట కాదు. అదే సాయంత్రం 4 గంటలకు ఫోన్ చేసి ఇద్దరు శాకాహారులు వస్తున్నారని చెబితే, ఒక చిన్న గిన్నెలో కూరగాయల రసం విడిగా పెట్టడానికి ఎవరికీ కష్టం లేదు, నిజానికి రోజూ చేసేదే చేసి విసిగిన వంటవాడు అటువంటి పనికి సంతోషిస్తాడు. కాబట్టి ఎక్కడ తింటారన్న దానికంటే ఎన్ని గంటలకు అడుగుతారన్నది ముఖ్యం. ఒక్క హెచ్చరిక: మా దగ్గర నూనె మూకుడు ఒక్కటే, చేపలు వేగిన నూనెలోనే బంగాళాదుంప ముక్కలూ వేగేవి.

ఆకురాయి:
నూనె సంగతి నాకు తట్టలేదు, ఆ కాగితంలో ఇంకో వాక్యం చేరుస్తాను.

బాటసారి:
ఉప్పుకల్లు గారి జవాబు నా భార్యకు చదివి వినిపించాను. చేపలు వేగిన నూనెలో బంగాళాదుంపలు వేగితే తనకు అభ్యంతరం లేదని, ముక్క తన పళ్లెంలో లేకపోతే చాలునని ఆమె అన్నది. పదకొండేళ్లుగా కలిసి భోంచేస్తున్నాము, ఈ మాట నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. బుకింగ్ గురించి మేము పడుతున్న తగవు నిజానికి బుకింగ్ గురించి కాదన్నమాట. ప్రస్తుతానికి శనివారం రాత్రికి పూర్తి శాకాహార రెస్టారెంట్‌లో టేబుల్ తీసుకున్నాను, ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇష్టానికి వదిలేశాను. శుక్రవారం రాత్రికి 4 గంటలకు ఫోన్ చేయాలంటే ఆ వేళకు మేము రైల్లో ఉంటాము, సిగ్నల్ దొరుకుతుందో లేదో చూడాలి.