పోక్సో కేసులో పాప సాక్ష్యం: కోర్టులో అతని ఎదుట నిలబడాలా?

ఒక చిన్నమ్మ:
మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. ట్యూషన్ చెప్పే అతని మీద పోయినేడాది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెట్టాం. జడ వేస్తుంటే పాప మొదట నాకే చెప్పింది. బడిలో అడిగితే "పరువు పోతుంది, ఊరుకోండి" అన్నారు. అక్కాబావా ఊరుకోలేదు. ఇప్పుడు సమన్లు వచ్చాయి, వచ్చే నెల పాప సాక్ష్యం. కాగితం బీరువాలో బట్టల కింద పెట్టినా ఎలా తెలిసిందో, "చిన్నమ్మా, అక్కడ సారు కూడా ఉంటాడా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మళ్లీ రాత్రిళ్లు లైటు తీయనివ్వడం లేదు. అతని వకీలు పాపను ఏడిపిస్తాడు, రాజీపడండి అని చుట్టాలొకరు రోజూ ఫోన్ చేస్తున్నారు. రాజీ కుదురుతుందా? ఏం చెప్పాలో పాపకు నేర్పించాలా?

జిల్లా కోర్టు వకీలు:
అమ్మా, ఊరు పేరు రాయలేదు, మంచి పని చేశారు. పాపను గుర్తుపట్టే వివరాలు ఎక్కడా పెట్టకండి.

ముందు పాప ప్రశ్న. "సారు ఉండడు" అని చెప్పకండి, అది అబద్ధమవుతుంది. "ఉంటాడు, కానీ నువ్వు మాట్లాడేటప్పుడు నీకు కనిపించడు" అనండి. పోక్సో చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఆ ఏర్పాటు కోర్టు బాధ్యత. తెర కడతారు, లేదా వీడియోలో సాక్ష్యం తీసుకుంటారు. అతను వినొచ్చు, అది అతని హక్కు. అతని వకీలు పాపను నేరుగా అడగకూడదు. ప్రశ్నలు జడ్జిగారికి ఇస్తే, ఆయన పాపను అడుగుతారు. దబాయించడం కుదరదు. బయటివాళ్లను హాల్లో ఉండనివ్వరు. పాప నమ్మే మనిషి, అంటే మీరే, పక్కన కూర్చోవచ్చు. అలసిపోతే విరామం అడగండి.

ఇవన్నీ కాగితం మీద ఉన్నంత మాత్రాన తెర దానంతటదే రాదు. వారం ముందే పీపీగారిని, అంటే మీ తరఫున వాదించే ప్రభుత్వ వకీలును, కలిసి అడగండి.

ఇది రాజీపడే నేరం కాదు. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద కేసును, ఇరువైపులా రాజీ అయిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఫోన్ చేసే ఆయనకు ఇదే చెప్పండి.

నేర్పించడం మాత్రం వద్దు. నేర్పిన మాట అని అవతలివాళ్లు పట్టుకునేది అక్కడే. నిజం చెప్పమనండి. గుర్తు లేకపోతే గుర్తు లేదని, అర్థం కాకపోతే మళ్లీ అడగమని చెప్పొచ్చని ధైర్యం ఇవ్వండి.

బాబు తల్లి:
అక్కా, మాది మగపిల్లాడి కేసు. పోక్సో మగపిల్లలకూ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. హాల్లో తెర కట్టారు, కానీ వరండాలో అతని మనుషులు ఎదురుపడ్డారు. బాబు నా కొంగులో మొహం దాచుకుని బయటికి రాలేదు, వాయిదా పడింది. రెండోసారి వేరే గదిలో కూర్చోబెట్టమని ముందే అడిగాం. బాలల సంక్షేమ సమితి ఇచ్చిన సపోర్ట్ పర్సన్, అంటే కేసులో పిల్లలకు తోడుండే మనిషి, రెండు రోజుల ముందు ఖాళీ హాలు చూపించింది. కుర్చీలో కూర్చుని ఊగాడు. అప్పుడు నాకు ఊపిరి ఆడింది. ఇష్టమైన బొమ్మ ఏదైనా ఉంటే తీసుకెళ్లండి.

ఒక చిన్నమ్మ:
తెర సంగతి ఇప్పుడే చెప్పాను. "పక్క నుంచి కనిపిస్తాడా?" అని రెండుసార్లు అడిగింది. హాలు ముందే చూపించాలి. ఆ సపోర్ట్ పర్సన్ మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అడగొచ్చా?

జిల్లా కోర్టు వకీలు:
అడగొచ్చు. అక్కాబావల సంతకంతో మీ జిల్లా బాలల సంక్షేమ సమితికి అర్జీ ఇవ్వండి, పాప కూడా సరే అనాలి. సాక్ష్యం తేదీ పైనే రాయండి. నకలు మీద ముద్ర వేయించుకోండి.