అలాస్కా పల్లె విమానాల అమ్మాయి టీవీ స్టార్ అయింది: మేలా, కీడా?

కృష్ణాతీరం:
డిస్కవరీ ఛానల్‌లో 2011, 2012ల్లో మూడు సీజన్లు వచ్చిన రియాలిటీ షో 'ఫ్లయింగ్ వైల్డ్ అలాస్కా' మళ్ళీ మొదటి నుంచి చూశాను. అమెరికాలోని అలాస్కాలో, బేరింగ్ సముద్రం వైపు ఉనలక్లీట్ అని ఏడొందల మంది ఉండే ఊరు. అప్పట్లో అక్కడి ట్వీటో కుటుంబం చిన్న విమానాల సర్వీసు నడిపేది. షోలో కూతురు ఏరియల్ కెమెరాల ముందే విమానం నడపడం నేర్చుకుంటుంది. నవ్వుతూ, తుళ్ళుతూ ఉండే పిల్ల, ఇట్టే నచ్చేస్తుంది. కానీ ప్రాణాలకు ముప్పున్న పనిని ఇలా వినోదం చేయడం తప్పని నా అభిప్రాయం. ఆమె తండ్రి జిమ్ 2023 జూన్ 16న అలాస్కాలోనే షక్తూలిక్ ఊరి దగ్గర సెస్నా 180 అనే చిన్న విమానం కూలి చనిపోయారు. ఇలాంటి షోలు చూసి ఇరవయ్యేళ్ళ పిల్లలు సాహసమే పైలట్ లక్షణం అనుకోరా?

రన్‌వే09:
ముందుగా ఒక మాట అండి. జిమ్ గారి మరణాన్ని షోకి ముడిపెట్టకండి. అప్పటికి షో ఆగిపోయి పదకొండేళ్ళు. ఆ రోజు విమానంలో ఆయన, ఒక వేట గైడ్ మాత్రమే ఉన్నారు. దశాబ్దాలుగా ఆయన బతుకే ఆ గాలిలో గడిచింది.

మీ భయం మాత్రం నాకు అర్థమవుతుంది. నేనూ సెస్నా 172 మీద నేర్చుకున్నవాణ్ణే. అయితే అలాస్కాలో ప్రమాదాలకు కుర్రాళ్ళ దూకుడు ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. అక్కడ పది ఊళ్ళలో ఎనిమిదింటికి రోడ్డు లేదు. పాలడబ్బా, డైపర్లు, ఉత్తరాలు, నొప్పులొచ్చిన గర్భిణి, పక్క ఊరికి ఆటకెళ్ళే బడిపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు, అన్నీ విమానమే ఎక్కాలి. మనకు పల్లెవెలుగు బస్సు ఎలాగో వాళ్ళకు అది అలాగ. 2008 నుంచి 2017 వరకు అలాస్కాలో విమాన ప్రమాదాల రేటు మిగతా అమెరికాలోని రేటుకు 2.35 రెట్లు ఉందని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డే 2020లో చెప్పింది. వాతావరణ కేంద్రాలు తక్కువ. చాలా ఊళ్ళలో మబ్బుల్లో పరికరాలు చూసి దిగే ఏర్పాటు లేదు. దాంతో మబ్బు కింద నేలను చూసుకుంటూ వెళ్ళాల్సిందే. మంచు, మబ్బు ఒకే తెలుపులో కలిసిపోతే కొండ ఎక్కడుందో కంటికి ఆనదు.

1999లో మొదలైన క్యాప్‌స్టోన్ అనే పథకం కింద పశ్చిమ అలాస్కాలోని యూకాన్-కస్కోక్విమ్ డెల్టా విమానాల్లో జీపీఎస్, ముందున్న నేల ఎత్తు చూపే తెరలు ప్రభుత్వమే పెట్టించింది. ప్రమాదాలు తగ్గాయి. పైలట్లు మారలేదు, పరికరాలు మారాయి! షో మీద నా కోపమల్లా ఇక్కడే. అదంతా పైలట్ గుండెధైర్యం కథలా కనిపిస్తుంది, ఆ ఊళ్ళకు రావాల్సిన సౌకర్యాల ఊసే వెనక్కి పోతుంది.

లక్ష్మీటీచర్:
మీరిద్దరూ ఏరియల్‌ని వదిలేశారు. వాళ్ళమ్మ అలాస్కా మూలవాసుల్లో ఇనుపియాట్ తెగ మనిషి. ఆ ఊళ్ళ పిల్లలకు తమలాంటి ముఖం దేశమంతా చూసే టీవీలో ఎప్పుడు కనిపించింది? షోతో వచ్చిన ఆ పేరుతోనే ఏరియల్ తర్వాత పల్లె యువతలో ఆత్మహత్యలను ఆపడం గురించి మాట్లాడింది. అలాస్కా మూలవాసుల ఊళ్ళలో అదెంత పెద్ద గాయమో తెలిస్తే ఈ షోని తీసిపారేయలేం. తెరమీద కనబడిన మనిషి మాటే పిల్లలు వింటారు, ముప్పై ఏళ్ళుగా క్లాసులో చూస్తున్నాను.

కృష్ణాతీరం:
టీచర్ గారూ, ఆ మేలు ఒప్పుకుంటున్నాను. జిమ్ గారి విషయంలో తొందరపడ్డాను కూడా. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. కెమెరా పక్కనుండగా "ఈ రోజు వెళ్ళను" అనడం కొత్త పైలట్‌కి కష్టం కాదా?

రన్‌వే09:
కష్టమే. కెమెరా లేకపోయినా కష్టమే. నా ట్రైనింగ్‌లో ఒకసారి ఎదురుగా మబ్బు దిగిపోతుంటే నేను ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం సార్ అన్నాను. మా ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట మాట్లాడకుండా కంట్రోల్స్ తీసుకుని విమానం వెనక్కి తిప్పేశారు. దిగాక లాగ్‌బుక్‌లో ఆ నలభై నిమిషాలు రాయించి, సంతకం పెట్టి, "ఇవాళ్టి పాఠం ఇదే" అన్నారు. ఏ షో అయినా అలాంటి నలభై నిమిషాలను ఒక ఎపిసోడ్‌గా వేస్తే మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తాను. వాడు వచ్చే నెల ఫ్లయింగ్ స్కూల్లో చేరుతున్నాడు.